ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ కబడ్డీ బరిలోకి ఎలా రావాలి

కూతకెళ్లారు. బోనస్ గీత దాటి కాలు పెట్టి వెనక్కి తిరగబోతుంటే కార్నర్‌లో ఉన్నతను తొడ పట్టేశాడు. పాదం మ్యాట్ మీద అలాగే ఉండిపోయింది, ఒళ్లు తిరిగింది. మోకాలి లోపల టప్‌మని చప్పుడు. లేచి నిలబడగలిగారు, రెండడుగులు వేశారు కూడా. కానీ సాయంత్రానికి మోకాలు కొబ్బరికాయంత వాచింది. కొన్ని రోజులకు వాపు తగ్గింది కదా అని మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోయింది. ఎంఆర్‌ఐ తీస్తే మోకాలి లోపల ఎముకల్ని కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగిందని రిపోర్టు వచ్చింది.

ఇంచుమించు ఇలాగే జరిగి, ఆపరేషన్ అయిపోయినవాళ్ల కోసం, డేటు తీసుకుని ఎదురుచూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకిది రెండుసార్లు జరిగింది, అదీ ఒకే మోకాలికి. మొదటి ఆపరేషన్ అయ్యాక ఐదో నెలలో సంక్రాంతి పోటీలు వచ్చాయి. నొప్పి లేదు, వాపు లేదు, పొలం గట్ల మీద పరిగెత్తుతున్నాను. "మోకాలికి నీ క్యాప్ తొడుక్కో తమ్ముడూ, రెండు కూతలే" అన్నారు. మూడో కూతలో మళ్లీ తెగింది. రెండో ఆపరేషన్ తర్వాత పదకొండు నెలలు ఆగాను, ఆ తర్వాత నాలుగేళ్లు ఆడాను. ఇప్పుడు పీఈటీగా పనిచేస్తున్నాను. మా వైపు పిల్లలకి ఈ దెబ్బ తగిలితే నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకి చెప్పేదే మీకూ చెబుతున్నాను. మీ సర్జన్, మీ ఫిజియో వేరేలా చెబితే వాళ్ల మాటే వినండి, ఎందుకంటే మీ మోకాలి లోపల ఏం చేశారో వాళ్లకే తెలుసు.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకుంటే మిగతావన్నీ తేలిగ్గా బుర్రకెక్కుతాయి. ఊళ్లో ఏసీఎల్ తెగడాన్ని నరం తెగడం అంటారు. అది నరం కాదు, తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ లోపల కట్టి ఉంచే తాడు లాంటిది. తెగిన తాడుని చాలావరకు కుట్టరు. తొడ వెనకున్న హ్యామ్‌స్ట్రింగ్ నుంచో, మోకాలి చిప్ప దగ్గర నుంచో టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) ముక్క తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి, కొత్త తాడుగా బిగిస్తారు. దాన్ని గ్రాఫ్ట్ అంటారు. బిగించిన రోజు అది గట్టిగానే ఉంటుంది. కానీ దానికి రక్తప్రసరణ ఉండదు. ఒంట్లోంచి కొత్త రక్తనాళాలు మెల్లగా దాంట్లోకి పాకాలి, పాత కణాలు పోయి కొత్తవి రావాలి. ఈ మార్పు జరిగే క్రమంలో, సుమారు ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య, గ్రాఫ్ట్ బాగా బలహీనంగా ఉంటుంది. అది అసలు లిగమెంట్‌కి దగ్గరగా మారడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. సరిగ్గా ఆ బలహీనంగా ఉన్న రోజుల్లోనే నొప్పి పోతుంది. మామూలుగా నడుస్తుంటారు. అందుకే నొప్పి లేదు కదా అన్న ధైర్యంతో ఏ నిర్ణయమూ తీసుకోకండి. నేను తీసుకున్నాను.

ఆపరేషన్‌కి ముందే మొదలుపెట్టండి

దెబ్బ తగిలిన మర్నాడే ఆపరేషన్ చేయించేయాలని ఇంట్లో వాళ్లు కంగారుపడతారు. మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) చిరిగి మధ్యలో ఇరుక్కుని మోకాలు లాక్ అయిపోతే తప్ప, సాధారణంగా అంత తొందర ఉండదు. వాచి, బిగుసుకుపోయిన మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత కూడా బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. వాపు తగ్గాలి, కాలు పూర్తిగా చాపుకోగలగాలి, కుంటకుండా నడవగలగాలి. దీనికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. ఆ వారాల్లో ఫిజియో చూపించిన వ్యాయామాలు చేసి తొడ బలాన్ని కాపాడుకుంటే, ఆపరేషన్ తర్వాత కోలుకోవడం చాలా సులువవుతుంది.

ఈలోపు పెద్దవాళ్లు కట్టు కట్టిద్దామంటారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు దాకా వెళ్లిరావడం మనకి అలవాటే. కానీ ఇక్కడ విరిగింది ఎముక కాదు, పూర్తిగా తెగిన ఏసీఎల్ కట్టు కడితే అతుక్కుంటుందని నమ్మి కూర్చోకండి. ఆపరేషన్ లేకుండా వ్యాయామాలతోనే మామూలు జీవితం గడిపేవాళ్లు ఉన్నారు, అది నిజమే. కబడ్డీలా మెలికలు తిరిగే ఆటకి తిరిగి వెళ్లాలనుకుంటే మాత్రం డాక్టర్లు ఎక్కువగా ఆపరేషనే చెబుతారు.

డిశ్చార్జి అయ్యే ముందు సర్జన్‌ని మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి. గ్రాఫ్ట్ ఎక్కడ నుంచి తీశారు? మెనిస్కస్ కుట్టారా? కాలు మీద బరువు ఎప్పుడు వేయొచ్చు, ఎంత వంచొచ్చు? ఏసీఎల్ ఒక్కటే చేస్తే చాలామందికి మొదటి రోజుల నుంచే చంక కర్రల సాయంతో కాలు మోపమంటారు. మెనిస్కస్ కూడా కుట్టి ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలు బరువు తగ్గించమని, 90 డిగ్రీలు దాటి వంచొద్దని చెప్పే అవకాశం ఉంది. పక్క బెడ్ కుర్రాడు నడిచేస్తున్నాడని మీరూ నడిచేయకూడదు, మీ ఇద్దరి ఆపరేషన్లూ ఒకటి కాకపోవచ్చు.

మొదటి రెండు వారాలు: కాలు చాపడం మీదే ధ్యాస పెట్టండి

ఈ రెండు వారాల గురించి ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ పోగొట్టుకున్నది తర్వాత తెచ్చుకోవడం చాలా కష్టం.

ఇంటికి రాగానే అమ్మో, ఆవిడో ప్రేమగా మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు. హాయిగానే ఉంటుంది. కానీ వెంటనే తీసేయించండి. మోకాలి కింద దిండు పెడితే కాలు కాస్త వంగే ఉంటుంది, అలాగే అలవాటు పడిపోతుంది. దిండు మడమ కింద పెట్టాలి. మోకాలి వెనక భాగం గాల్లో తేలుతూ, తన బరువుకి తానే కిందికి జారుతూ ఉండాలి. పది నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు ఇలా ఉంచండి. లాగుతున్నట్టు ఉంటుంది, ఓర్చుకోవాలి. రెండు వారాలయ్యేసరికి ఈ కాలు కూడా మంచి కాలితో సమానంగా చాపగలగాలి. అలా చాపలేకపోతే నడక కుంటుగానే ఉండిపోతుంది. కొందరికి లోపల కండ పెరిగి అడ్డుపడి మళ్లీ కీహోల్ (చిన్న రంధ్రాలతో చేసే) ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. మూడు వారాలు దాటినా చాపలేకపోతుంటే రివ్యూ డేటు కోసం ఆగకుండా వెళ్లి చూపించండి.

రెండో పని తొడని నిద్రలేపడం. ఆపరేషన్ అయిన మర్నాడు మా ఫిజియో "తొడ బిగించండి" అన్నారు. ఎంత ప్రయత్నించినా తొడ ముందు కండరం కదల్లేదు. మెదడు నుంచి ఆదేశం వెళుతోంది, కండరం మాత్రం వినడం లేదు. భయమేసింది, నరాలు దెబ్బతిన్నాయేమో అనుకున్నాను. మోకాలు వాచినప్పుడు ఒళ్లే ఆ కండరాన్ని ఆపేస్తుందని తర్వాత తెలిసింది. ఇలా చేయండి: కాలు చాపి కూర్చుని, మోకాలి వెనకున్న చిన్న ఖాళీని మంచానికి అదుముతున్నట్టు తొడ బిగించి ఐదు లెక్కపెట్టాలి. ఒక చేత్తో తొడ లోపలి వైపు, మోకాలి చిప్పకి కొంచెం పైన పట్టుకుని చూడండి. అక్కడ కండరం గట్టిపడి, చిప్ప పైకి జరిగితే పని జరుగుతున్నట్టు. మొదట్లో మంచి కాలు తొడ కూడా కలిపి బిగిస్తే దారి దొరుకుతుంది. రోజుకి రెండు మూడు వందలు చేయండి, టీవీ చూస్తూ చేసినా ఫర్వాలేదు. తర్వాత కాలు నిటారుగా పైకెత్తండి. ఎత్తగానే మోకాలి దగ్గర కొద్దిగా వంగి మడమ వెనకబడిందంటే కండరం ఇంకా లేవలేదన్నమాట. అలా వంగకుండా ఎత్తగలిగే దాకా నడిచేటప్పుడు మోకాలికి వేసిన బ్రేస్ (గట్టి పట్టీ) తీయకండి.

పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం గంటకోసారి చేయాలి, పిక్కలో రక్తం గడ్డకట్టకుండా. ఐస్‌ని బట్టలో చుట్టి 15–20 నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు పెట్టండి, ఒంటికి నేరుగా పెట్టొద్దు. మంచం మీద మడమని జరుపుతూ కాలు మెల్లగా వంచండి. డాక్టర్ అడ్డు చెప్పకపోతే రెండో వారానికి 90 డిగ్రీల దాకా రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్రలు, వాటితో ఆపరేషన్ కాలు. కుట్లు సాధారణంగా 10–14 రోజుల మధ్య తీస్తారు. మోకాలి కింద బయటి వైపు చర్మం మొద్దుబారినట్టు ఉంటుంది. కోతలో చిన్న చర్మపు నరం దెబ్బతినడం వల్ల అలా అవుతుంది. చాలావరకు నెలల్లో తగ్గుతుంది, కాస్త మిగిలిపోయినా ఆటకి అడ్డం కాదు.

పిక్క బిగుసుకుపోయి నొప్పి, వాపు వచ్చినా, జ్వరం వచ్చి మోకాలు ఎర్రగా వేడెక్కినా, కుట్ల దగ్గర చీము కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో వచ్చే చిక్కులు

డాక్టర్ కాగితంలో ఇవి ఉండవు కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో కింద కూర్చునే బాత్రూమే ఉంటే, ఆపరేషన్‌కి ముందే కమోడ్ కుర్చీ కొనో, అద్దెకి తెచ్చో పెట్టుకోండి. పక్కన గోడకి పట్టుకునే కడ్డీ వేయిస్తే ఇంకా మంచిది. గొంతుక్కూర్చోవడం, మఠం వేసుకుని కూర్చోవడం నెలల తరబడి వద్దు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఫిజియోని అడిగి తెలుసుకోండి. పెళ్లిలో పంక్తి భోజనానికి కూర్చోమంటే కుర్చీ అడగడానికి మొహమాటపడకండి. నగరం నుంచి ఊరికి బస్సులో వచ్చేవాళ్లు కాలు చాపుకునే సీటు చూసుకుని, దారంతా పాదం ఆడిస్తూ రండి. బండి విషయంలో తొందరపడకండి. నడపడం కంటే ఆగినప్పుడు కాలు మోపి, మెలిపెట్టి బండిని ఆపుకోవడమే ప్రమాదం.

ఇక తిండి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పథ్యం పేరుతో కారప్పొడి అన్నం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆపరేషన్ అయిన కాలి తొడ వారాల్లోనే చిక్కిపోతుంది, మీకే కళ్లకి కనిపిస్తుంది. దాన్ని తిరిగి కట్టాలంటే ప్రోటీన్ కావాలి. పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు, చికెన్, శనగలు, వేరుశనగలు, ఇందులో మీరు తినేవన్నీ తినండి. పప్పుకీ చీముకీ సంబంధం లేదు, చీము సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది. పెద్దవాళ్లు వినకపోతే డాక్టర్ చేతే చెప్పించండి, మా అమ్మ అలాగే విన్నది. కాళ్లకి నూనె పెట్టి గట్టిగా పిసికే మర్దనా మాత్రం మొదటి వారాల్లో వద్దే వద్దు. పిక్కలో రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉంది. సిగరెట్ అలవాటుంటే ఇప్పుడే మానేయండి, గ్రాఫ్ట్ అతుక్కోవడానికి అది అడ్డుపడుతుంది.

మూడో వారం నుంచి మూడో నెల దాకా

కర్రలు ఎప్పుడు వదలాలన్నదానికి తారీఖు లేదు. కుంటకుండా నడవగలిగినప్పుడు వదలాలి. కర్రలు వదిలేసి కుంటుతూ నడవడం కంటే ఇంకో వారం కర్రతో సరిగ్గా నడవడం మేలు.

స్టాండ్ మీద కదలకుండా ఉండే సైకిల్ ఇప్పుడు మంచి స్నేహితుడు. మోకాలు 110 డిగ్రీలు వంగగానే మొదలుపెట్టొచ్చు. గోడకి ఆనుకుని సగం గుంజీలు, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం, మునివేళ్ల మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడటం ఈ దశలో చేసేవి. ఒంటికాలి మీద నిలబడటాన్ని తేలిగ్గా తీసుకోకండి. తెగిన లిగమెంట్‌తో పాటు మోకాలు ఎక్కడుందో మెదడుకి చెప్పే వ్యవస్థ కూడా పోయింది. కళ్లు తెరిచి 30 సెకన్లు నిలబడగలిగాక, కళ్లు మూసుకుని ప్రయత్నించండి. పక్కన గోడ ఉండాలి.

గ్రాఫ్ట్ హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీసి ఉంటే తొడ వెనక కండరానికి బరువులు పెట్టే పని కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా చేయకండి. కింద పడిన వస్తువు కోసం కాలు చాపి ఒక్కసారిగా వంగినా అక్కడ పట్టేస్తుంది. కూర్చుని కాలితో బరువు పైకి చాపే లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ జోలికి ఫిజియో చెప్పకుండా వెళ్లొద్దు.

రెండో నెల దాటాక బరువులు పెంచాలి. ఇక్కడే మన పల్లెటూళ్ల పిల్లలు వెనకబడిపోతున్నారు. ఇంట్లో వ్యాయామం రోజూ చేస్తారు, కానీ అదే వ్యాయామం, అదే బరువు, నాలుగు నెలలూ అదే. కండరానికి ఎప్పటికప్పుడు బరువు పెరగాలి. టౌన్‌లో జిమ్ ఉంటే వారానికి మూడు రోజులైనా వెళ్లండి. లెగ్ ప్రెస్ (కాలితో బరువుని నెట్టే మెషిన్) రెండు కాళ్లతో కాకుండా ఒక్కో కాలితో చేయండి. రెండు కాళ్లతో చేస్తే మీకు తెలియకుండానే మంచి కాలు పనంతా లాగేసుకుంటుంది. జిమ్ లేకపోతే అరుగు మీదికి ఒంటికాలితో ఎక్కి దిగడం, భుజాన ఇసుక సంచితో, వారం వారం ఇసుక పెంచుతూ. ఎంత ఎత్తారో నోట్‌బుక్‌లో రాయండి.

ఎక్కువైందా, తక్కువైందా అని చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది, దీన్ని చివరిదాకా వాడండి. ఉదయం లేవగానే కాలు చాపుకుని కూర్చోండి. చిప్పకి లోపలి వైపు ఉన్న గుంటని అరచేత్తో కింద నుంచి పైకి రెండుసార్లు నిమరండి, అక్కడి నీరు పైకి వెళ్లిపోతుంది. ఇప్పుడు బయటి వైపు పై నుంచి కిందికి ఒక్కసారి నిమరండి. లోపలి గుంటలో నీరు అలలా మళ్లీ ఉబికితే మోకాలిలో వాపు ఉన్నట్టే. నిన్న లేని వాపు ఈరోజు ఉందంటే నిన్నటి పని ఎక్కువైంది. ఒకట్రెండు రోజులు తగ్గించి, వాపు పోయాక మళ్లీ మొదలుపెట్టండి.

పరుగు

మూడో నెల చివర్లోనో, నాలుగో నెలలోనో ఈ మాట వస్తుంది. కాలు పూర్తిగా చాపగలగాలి, దాదాపు పూర్తిగా వంచగలగాలి, వాపు అసలు ఉండకూడదు, ఒంటికాలి మీద పదిసార్లు మోకాలు లోపలికి వాలకుండా సగం గుంజీ తీయగలగాలి. బలం మంచి కాలితో పోలిస్తే కనీసం 70 శాతం ఉండాలి. ఇవి ఉంటే చదునైన గ్రౌండ్‌లో ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, ఇలా ఎనిమిదిసార్లు. రోజు విడిచి రోజు. తారు రోడ్డు, గుంతల పొలం గట్టు రెండూ వద్దు. మీ అడుగుల చప్పుడు వినండి: ఒక కాలు ధబ్బున, ఒకటి మెత్తగా పడుతుంటే ఇంకా సమానం కాలేదు.

దూకడం కంటే దిగడం ముఖ్యం

ఐదో నెల నుంచి గెంతులు. ముందు రెండు కాళ్లతో, ఉన్నచోటే. తర్వాత అరుగు మీద నుంచి దిగడం. ఆ తర్వాతే ఒంటికాలు. ఎంత ఎత్తు ఎగిరారన్నది ఇప్పుడు అనవసరం, ఎలా దిగారన్నదే చూడాలి. ఫోన్‌ని ఎదురుగా మోకాలి ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీయించండి. పాదం నేలని తాకిన క్షణంలో ఆపి చూడండి. మోకాలు పాదానికి సూటిగా ఉందా, లోపలికి రెండో మోకాలి వైపు వాలిందా? లోపలికి వాలితే లిగమెంట్ తెగే భంగిమ అదే. నడుము వెనక్కి నెట్టి, మోకాళ్లు మెత్తగా వంచి, చప్పుడు లేకుండా దిగడం నేర్చుకోవాలి. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామందికి మంచి కాలు కూడా లోపలికి వాలుతుండటం చూశాను. అంటే ఈ తప్పు దెబ్బకి ముందు నుంచే ఉండొచ్చు.

ఆరో నెల తర్వాత మలుపులు. శంకువులు పెట్టి ముందు 45 డిగ్రీలు, తర్వాత 90, తర్వాత పూర్తిగా వెనక్కి. మొదట సగం వేగంతో, ముందే తెలిసిన దిక్కుకి. అది బాగా వచ్చాక ఎదురుగా ఒకరు నిలబడి చెయ్యి చూపిన వైపుకి. కబడ్డీలో ఎటు తిరగాలో మీరు నిర్ణయించరు, ఎదుటివాడు నిర్ణయిస్తాడు.

తొమ్మిది నెలలు, ఆ పైన పరీక్ష

2016లో అచ్చయిన నార్వే, అమెరికా పరిశోధకుల అధ్యయనంలో, తొమ్మిదో నెల దాకా ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్లీ మోకాలి గాయం అయ్యే రేటు సుమారు సగానికి తగ్గుతూ వచ్చింది. ఐదో నెలలో బరిలోకి దిగిన నేను ఈ సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. 25 ఏళ్ల లోపు వాళ్లు ఆటకి తిరిగి వస్తే, సుమారు నలుగురిలో ఒకరికి ఈ మోకాలికో ఆ మోకాలికో మళ్లీ ఏసీఎల్ తెగుతోందని కూడా పరిశోధనల్లో తేలింది. కబడ్డీ ఆడే మన పిల్లలు చాలావరకు ఆ వయసువాళ్లే.

తొమ్మిది నెలలు నిండితే సరిపోదు, పరీక్ష కూడా నెగ్గాలి. దీనికి టేపు, సుద్దముక్క ఉంటే చాలు, కాకపోతే ఫిజియో పక్కనుండి చేయించాలి. గీత మీద ఒంటికాలితో నిలబడి ముందుకి గెంతి అదే కాలి మీద దిగి రెండు సెకన్లు కదలకుండా ఉండాలి. తూలితే లెక్కలోకి రాదు. మూడుసార్లు చేసి ఎక్కువ దూరం రాసుకోండి. మంచి కాలు 150 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలు 120 అయితే 80 శాతం, చాలదు. 90 శాతం దాటాలి. ఇలాగే వరసగా మూడు గెంతులు, గీతకి అటూ ఇటూ అడ్డంగా మూడు గెంతులు, ఒంటికాలితో ఆరు మీటర్లు ఎంతసేపట్లో వెళ్లారన్నది. తొడ ముందు, వెనక కండరాల బలం కూడా విడివిడిగా కొలిపించాలి. గెంతులు బాగా వచ్చినా తొడ బలం తక్కువగా ఉండటం మామూలే, నడుమూ చీలమండా ఆ లోటుని కప్పేస్తాయి.

ఇందులో ఒక మోసం ఉంది. ఈ తొమ్మిది నెలల్లో మంచి కాలు కూడా ఆట లేక చిక్కింది. దానితో పోల్చి 90 శాతం అంటే తప్పుడు ధైర్యం వస్తుంది. వీలైతే ఆపరేషన్‌కి ముందే మంచి కాలు కొలతలు రాసి పెట్టుకోండి. రెండో కాలుని ఎందుకు ఇంతగా చూసుకోమంటున్నానంటే, స్పెయిన్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌ని గుర్తు తెచ్చుకోండి, 2016 రియో ఫైనల్లో సింధు మీద గెలిచినావిడ. 2019 జనవరిలో జకార్తాలో సైనా మీద ఫైనల్ ఆడుతూ, 10–4తో ముందున్నప్పుడు కుడి మోకాలి ఏసీఎల్ తెగింది. అదే ఏడాది సెప్టెంబర్లో తిరిగి వచ్చి చైనా ఓపెన్ గెలిచింది. 2021లో ఎడమ మోకాలు, టోక్యో ఒలింపిక్స్ పోయింది. 2024 పారిస్ సెమీఫైనల్లో గెలుపు అంచున ఉండగా మళ్లీ కుడి మోకాలు. అంత కష్టపడే మనిషికే అలా జరిగిందంటే, మనం రెండు కాళ్లనీ చూసుకోక తప్పదు.

మరి తొమ్మిది నెలలు ఆగని రెజ్లర్ వినేశ్ ఫోగట్ సంగతేంటి అని పిల్లలు నన్ను అడుగుతుంటారు. నిజమే, 2023 ఆగస్టులో మోకాలి ఆపరేషన్ అయితే, 2024 ఏప్రిల్‌కల్లా ఒలింపిక్ కోటా సాధించింది, ఆగస్టులో పారిస్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆమె ముందున్నది ఒలింపిక్స్. మీ ముందున్నది ఊరి పండగ పోటీలైతే అవి వచ్చే ఏడాదీ వస్తాయి.

భయం

పరీక్షలన్నీ నెగ్గినా బరిలో అడుగు పెట్టగానే కాలు వెనక్కి లాగుతుంది. నాకు కార్నర్ వైపు చూస్తేనే గుండె దడదడలాడేది. ఇది పిరికితనం కాదు. 2014లో అచ్చయిన ఒక పెద్ద సమీక్షలో, ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లలో 81 శాతం ఏదో ఒక ఆటకి తిరిగి వచ్చారు, పాత స్థాయికి వచ్చింది 65 శాతం, పోటీ ఆటకి వచ్చింది 55 శాతమే. ఆగిపోయినవాళ్లలో చాలామందిని ఆపింది మళ్లీ తెగుతుందేమో అన్న భయం. ఆ భయం మీకు ఉంటే ఫిజియోకి దాచకుండా చెప్పండి. దాన్ని కొలవడానికి పన్నెండు ప్రశ్నల పత్రం ఒకటుంది, చాలామంది ఫిజియోల దగ్గర ఉంటుంది. ఆపరేషన్ అయిన తొలి రోజు నుంచే జట్టుతో తెగతెంపులు చేసుకోకుండా, సాయంత్రాలు గ్రౌండ్‌కి వెళ్లి కూర్చోండి, స్కోర్ రాయండి, చిన్నపిల్లలకి చేతి టచ్‌లు నేర్పండి. నేను మొదటిసారి ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాను, అందుకే పండగ రాగానే ఆగలేకపోయాను.

బరిలోకి

ఏడో నెలలో ఎదుట ఎవరూ లేకుండా కూత పెట్టండి. 30 సెకన్లు కూత ఆపకుండా, అడుగులు, బోనస్, వెనక్కి తిరగడం. ఎనిమిదో నెలలో ఎదుట మనుషుల్ని పెట్టి, తాకాలే తప్ప పట్టకూడదన్న ఒప్పందంతో. పట్టు నేర్చుకోవడం నిలబడి, మెల్లగా, మీరు నమ్మే ఒకే ఒక్క మనిషితో మొదలుపెట్టండి. తొడ పట్టు, చీలమండ పట్టు, నలుగురు కలిసి చెయిన్‌లో పట్టడం అన్నిటికంటే చివర, పరీక్షలు నెగ్గాకే. మీరు డిఫెండర్ అయినా ఇంతే, డాష్ కొట్టి (రైడర్‌ని ఒంటితో ఢీకొట్టి గీత బయటికి నెట్టి) ఒంటికాలి మీద దిగేటప్పుడు కూడా తెగుతుంది. మ్యాట్ మీద షూ గట్టిగా పట్టేస్తుంది, మట్టి మీద పాదం కొంచెం జారుతుంది. కాబట్టి మెత్తగా దున్ని చదును చేసిన మట్టి బరిలో తొలి పట్లు సాధన చేయించడమే నాకు ఇష్టం. నీ క్యాప్ వేసుకుంటే వెచ్చగా ఉంటుంది, మనసుకి ధైర్యంగా ఉంటుంది, తిరిగే మోకాలిని మాత్రం అది ఆపలేదు.

మొదటి నెల పూర్తి మ్యాచ్ ఆడకండి. కోచ్‌తో ముందే మాట్లాడుకుని మొదటి సగంలో నాలుగైదు కూతలకే దిగండి, అలసిపోకముందే బయటికి రండి, ఎందుకంటే ఒళ్లు అలిసినప్పుడే మోకాలు లోపలికి వాలుతుంది. ప్రతి ప్రాక్టీస్‌కి ముందు పదిహేను నిమిషాలు గెంతి దిగడం, ఒంటికాలి నిలకడ, మలుపులు చేయండి. బరువుల పని వారానికి రెండు రోజులు ఇంకో రెండేళ్లు ఆపొద్దు. మొదటి మ్యాచ్ ఆడిన రాత్రి పడుకునే ముందు కాలికి ఐస్ పెట్టండి. మర్నాడు పొద్దున మంచం దిగకముందే కాలు చాపి, లోపలి గుంటని రెండుసార్లు పైకి, బయట ఒకసారి కిందికి నిమిరి చూసుకోండి. నీరు ఉబకకపోతే ఫిజియోకి ఫోన్ చేసి రెండో మ్యాచ్ సంగతి అడగండి.